పచ్చి ఆహారాన్ని ఇంట్లో ఆరబెట్టడం: తక్కువ వేడి ఎంత, ఎప్పుడు, ఎంతసేపు?

పచ్చి ఆహారం తినేవారిలో 47 డిగ్రీల సెల్సియస్ అన్న అంకెకు గొప్ప గౌరవం ఉంది. కొందరు 40 దాటకూడదంటారు, కొందరు 46 అంటారు, ఇంకొందరు 48 దాకా పరవాలేదంటారు. ఆ గీత దాటితే ఎంజైములు (ఆహారంలో రసాయన మార్పులు జరిపే ప్రొటీన్లు) నశించి, ఆహారం పచ్చిది కాకుండా పోతుందన్నది వాదన. డీహైడ్రేటర్ (వేడిగాలితో ఆహారాన్ని ఆరబెట్టే యంత్రం) కొత్తగా కొన్నవారు మొదట చేసే పని మీటను ఆ అంకె దగ్గర నిలిపి, ట్రేలు నింపి, మర్నాటి దాకా మరిచిపోవడం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. తక్కువ వేడిలో ఆరబెట్టేటప్పుడు ఆహారాన్ని కాపాడేది నీరు బయటికి పోయే వేగం. నింపాదిగా 20 గంటలు ఆరిన టమాటా ముక్క కన్నా, మొదట కాస్త ఎక్కువ వేడిగాలి తగిలి 10 గంటల్లో ఆరిన ముక్కే ఎక్కువ భద్రం.

సూక్ష్మజీవులకు కావలసింది నీరు

ఆహారాన్ని చెడగొట్టి జబ్బు చేసే బ్యాక్టీరియా సుమారు 4 నుంచి 60 డిగ్రీల మధ్య పెరుగుతుంది. మన ఒంటి వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల చుట్టుపక్కల, చాలా రకాలు మహా జోరుగా పెరుగుతాయి. పచ్చి ఆహారం కోసం ఎంచుకునే 40–48 డిగ్రీలు ఈ పరిధిలోపలే ఉన్నాయి. కాబట్టి డీహైడ్రేటర్ సూక్ష్మజీవులను చంపుతోందని అనుకోవద్దు. అది చేయగలిగిందల్లా వాటికి నీరు దొరక్కుండా చేయడమే.

ఈ నీటిని కొలవడానికి ఆహార శాస్త్రంలో వాటర్ యాక్టివిటీ అనే కొలమానం ఉంది. ఆహారంలో మొత్తం ఎంత నీరుందో అది చెప్పదు. సూక్ష్మజీవులు వాడుకోగలిగిన నీరు ఎంతో చెబుతుంది. స్వచ్ఛమైన నీటికి ఈ విలువ 1. తాజా పండ్లు, కూరగాయల్లో దాదాపు 0.97 పైనే ఉంటుంది. 0.85 కన్నా దిగితే మనకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుదల దాదాపుగా ఆగిపోతుంది. 0.60 కన్నా దిగితే బూజు కూడా పెరగదు. అంటే ట్రేలో పెట్టిన ప్రతి ముక్కా 0.97 నుంచి 0.85కు దిగేలోపు ఒక ప్రమాదకరమైన దారి దాటాలి. ఆ దారి ఎంత చిన్నదైతే అంత మంచిది.

పెరుగుదల ఆగిందంటే చచ్చిపోయాయని కాదు. ముఖ్యంగా కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఎండిన ఆహారంలో నెలల తరబడి బతికి ఉంటుంది. పైగా ఎండిన స్థితిలో అది వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది. అందుకే ‘చివరి గంటలో వేడి పెంచితే చాలు, అంతా శుభ్రమైపోతుంది’ అన్న చిట్కా పనికిరాదు. వేడి పెంచాలంటే ముక్కలు తడిగా ఉన్న మొదట్లోనే పెంచాలి. దానికి ఇంకో కారణం కూడా ఉంది.

గాలి వేడి వేరు, ముక్క వేడి వేరు

డీహైడ్రేటర్ తెర మీద కనిపించేది గాలి ఉష్ణోగ్రత. తడి ముక్క లోపలి ఉష్ణోగ్రత అది కాదు. నీరు ఆవిరైనప్పుడు వేడిని లాక్కుపోతుంది కనుక ముక్క చల్లగా ఉండిపోతుంది. ఎంత చల్లగా? గదిలో 28 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గాలిని 63 డిగ్రీలకు వేడి చేసి తడి ముక్కల మీదికి వదిలినా, పైతడి ఉన్నంతసేపు ఆ ఉపరితలం సుమారు 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అదే గాలిని 46 డిగ్రీలకే వేడి చేస్తే ఉపరితలం సుమారు 27 డిగ్రీలు. నిజమైన యంత్రంలో ట్రేల నుంచి వచ్చే తేమ గాలిలో కలుస్తుంది కనుక ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ ఉండవచ్చు. అయినా లెక్క స్థూలంగా అదే.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, 46 దగ్గర పెట్టిన మీ టమాటా మొదటి గంటల్లో 46లో లేదు; ఎండాకాలపు గదిలో తడిగా వదిలేసిన టమాటాలాగే ఉంది. రెండోది, మొదటి గంటన్నర గాలిని 60 దాటించినా ముక్క ‘పచ్చి’ గీతను దాటదు. అంటే పచ్చిదనం పోకుండానే వేగం సంపాదించవచ్చు. పచ్చి ఆహారం చేసేవారిలో అనుభవజ్ఞులు రెండు దశల్లో ఆరబెట్టడానికి కారణం ఇదే.

ఎంజైముల సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి ముందుకు పోదాం. 47 దగ్గర అన్ని ఎంజైములూ ఒక్కసారిగా కూలిపోవు. ఒక్కోదానికి ఒక్కో హద్దు. కూరగాయల్లోని పెరాక్సిడేజ్ లాంటివి అంతకన్నా చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. విటమిన్ సి వేడికే కాదు, గాలికీ కాలానికీ కూడా తరిగిపోతుంది. కనుక రెండు రోజులు సాగదీసిన ‘సున్నితమైన’ ఆరబెట్టడం పోషకాలను ఎక్కువ కాపాడుతుందన్న హామీ లేదు. ఆ గీతను పాటించాలనుకునేవారు పాటించండి, అభ్యంతరం లేదు. దాని కోసం భద్రతను పణంగా పెట్టవద్దు.

ఏవి ఆరబెట్టవచ్చు, ఏవి వద్దు

తక్కువ వేడికి అన్నిటికన్నా అనుకూలమైనవి పుల్లని పండ్లు: ఆపిల్, అనాస, కివీ, ద్రాక్ష, బెర్రీలు. వాటి పులుపే బ్యాక్టీరియాకు సగం అడ్డుకట్ట. పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువ ఉంటే చాలా ప్రమాదకర బ్యాక్టీరియాకు గడ్డుకాలమే. టమాటా ఆ గీతకు అటూ ఇటూ ఊగుతుంది. దానికి నిమ్మరసం తోడివ్వడం మంచిది. అరటిపండు, బొప్పాయి, ఖర్బూజాల్లో పులుపు తక్కువ. ఖర్బూజా విషయంలో అదనపు జాగ్రత్త కావాలి: గరుకు తొక్క మీది మురికి కత్తి వెంట లోపలి గుజ్జులోకి పోతుంది.

ఆకుకూరలు, సువాసన ఆకులు పలచగా ఉంటాయి కనుక త్వరగా ఆరిపోతాయి. వాటితో పెద్దగా చిక్కు లేదు. క్యారెట్, బీట్‌రూట్, గుమ్మడి లాంటివాటిని సాధారణంగా మరిగే నీటిలో కొద్దిసేపు ముంచి తీశాకే ఆరబెడతారు. ఆ పని రంగును, రుచిని చెడగొట్టే ఎంజైములను ఆపుతుంది. పైనున్న సూక్ష్మజీవులను కూడా చాలావరకు తగ్గిస్తుంది. పచ్చిగా ఆరబెట్టేవారు ఈ మెట్టు వదిలేస్తారు కనుక ఆ కూరగాయలు నిల్వలో త్వరగా రంగు, రుచి మారతాయి. కొద్దికొద్దిగా చేసుకుని, కొన్ని వారాల్లోనే వాడేసుకోవాలి.

ఇక అసలు పచ్చిగా ఆరబెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్, అంటే విషం లాంటి ఒక ప్రొటీన్, ఉంటుంది. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగిస్తేనే అది పోతుంది. తక్కువ వేడి దాన్ని పోగొట్టదు సరికదా, అరకొర వేడి ఆ విషాన్ని ఇంకా పెంచుతుందని కూడా గమనించారు. నానబెట్టిన రాజ్మాను 46 డిగ్రీల్లో ఆరబెట్టి పిండి కొట్టి పచ్చి రొట్టెలు చేయాలన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. కర్రపెండలంలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. దాన్ని కూడా పచ్చిగా వాడకూడదు. పచ్చబారిన బంగాళాదుంపలూ అంతే.

మాంసం, చేపలు ఈ పద్ధతి పరిధిలోకే రావు. మాంసాన్ని ఆరబెట్టాలంటే ముందు లోపలి ఉష్ణోగ్రత 71 డిగ్రీలకు, కోడిమాంసమైతే 74 డిగ్రీలకు చేరేలా ఉడికించి, ఆ తర్వాతే కనీసం 55–60 డిగ్రీల గాలిలో ఆరబెట్టాలి. అందులో ‘పచ్చి’ అన్న మాటకు చోటు లేదు.

యంత్రాన్ని ముందు పరీక్షించండి

ఫ్యాన్ వెనుక ఉండి, గాలి అడ్డంగా ట్రేల మీదుగా పోయే పెట్టె తరహా యంత్రాలు తక్కువ వేడికి ఎక్కువ నప్పుతాయి. ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చి, అడుగు నుంచో పై నుంచో గాలి వదిలే గుండ్రటి యంత్రాలు కూడా పని చేస్తాయి. కాకపోతే ఫ్యాన్ దగ్గరి ట్రే ముందుగా ఆరిపోతుంది, దూరంగా ఉన్నది తడిగానే ఉంటుంది. వాటిలో రెండు గంటలకోసారి ట్రేల వరస మార్చక తప్పదు. ఫ్యాన్ లేని యంత్రం ఈ పనికి పనికిరాదు. గాలి కదలకపోతే తడి బట్టలను బీరువాలో పెట్టి తలుపు వేసినట్టే.

మామూలు ఓవెన్లలో అతి తక్కువ సెట్టింగే తరచుగా 60–75 డిగ్రీల దగ్గర ఉంటుంది. తలుపు ఓరగా తెరిచి పెట్టి 46కు దించడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఎండలో పెట్టాలంటే కనీసం 30 డిగ్రీల వేడి, 60 శాతం కన్నా తక్కువ తేమ, కదిలే గాలి కావాలి. ఆ మూడూ కుదిరినా పుల్లని, తీపి పండ్లకే అది సరి. పులుపులేని కూరగాయలకు ఎండను నమ్ముకోవద్దు.

తెర మీది అంకెను నమ్మకుండా ఒక గుచ్చే థర్మామీటర్ కొనుక్కోండి. ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందుల్లో చల్లటి నీళ్లు పోసి, కలిపి, అందులో ఉంచితే అది 0 చూపాలి. అది సరిగా ఉందని తేలాక, ఖాళీ యంత్రాన్ని 46 దగ్గర పెట్టి గంటసేపు నడిపించండి. పై ట్రే, మధ్య ట్రే, అడుగు ట్రేల్లో థర్మామీటర్ పెట్టి ఒక్కోచోట పది నిమిషాలు గమనించండి. థర్మోస్టాట్ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది కనుక అంకె పైకీ కిందికీ కొన్ని డిగ్రీలు ఊగడం మామూలే. ఒక మూల 52, ఇంకో మూల 41 కనిపించినా ఆశ్చర్యపోకండి. ఎక్కడ వేడి ఎక్కువో తెలిస్తే గుమ్మడి, టమాటా లాంటి తడి ఎక్కువున్నవాటిని అక్కడ పెట్టవచ్చు. సువాసన ఆకులను చల్లటి మూలకు పంపవచ్చు.

ఇక పనిలోకి

1. శుభ్రత. చేతులు సబ్బుతో, పలకా కత్తీ వేడినీళ్లతో కడగండి. కాయలను పారే నీటిలో రుద్ది కడిగి, తుడిచి, ఆ తర్వాతే కోయాలి. వేడితో చంపే మెట్టు లేని పద్ధతి ఇది కనుక, మొదట్లో ఎంత మురికి వదిలేస్తే అంతా చివరి దాకా మీతోనే వస్తుంది. దెబ్బ తిన్న, బూజు మొదలైన కాయలో మంచి భాగం కోసుకుని వాడదామనుకోవద్దు. అది అటు పక్కన పెట్టేయండి.

2. కోత. 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం చాలు. తక్కువ వేడికి నేనైతే 4 దాటను. మందం రెట్టింపు అయితే ఆరే సమయం రెట్టింపుతో ఆగదు, అంతకన్నా చాలా పెరుగుతుంది. లోపలి నీరు ముక్క గుండా దారి వెతుక్కుంటూ పైకి రావాలి కదా. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండటం కూడా అంతే ముఖ్యం. స్లైసర్ ఉంటే వాడండి. చేత్తో కోసినవాటిలో పలచటివి పెళుసైపోయే వేళకు మందపాటివి లోపల తడిగానే ఉంటాయి, అన్నీ ఒకే డబ్బాలోకి పోతాయి, ఆ తడే నాలుగు రోజులకు బూజవుతుంది.

3. పులుపు నీళ్లు. ఆపిల్, అరటి, బేరి, టమాటా, ఖర్బూజా ముక్కలను నిమ్మరసం, నీళ్లు సమపాళ్లలో కలిపి అందులో 10 నిమిషాలు ఉంచండి. లేదా లీటరు నీటిలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లయినా సరే. ముక్కలు నల్లబడకుండా ఇది ఆపుతుందని అందరికీ తెలుసు. పైనున్న బ్యాక్టీరియాను తగ్గించడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. పచ్చి పద్ధతిలో మనకు మిగిలిన కొద్ది ఆయుధాల్లో ఇదొకటి, వదులుకోవద్దు. తీశాక జల్లెడలో వాడ్చి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. పైతడి తుడిచేస్తే యంత్రానికి అంత పని తగ్గుతుంది.

4. పరచడం. ముక్కలు ఒకదానినొకటి తాకకూడదు. ట్రేలను కిక్కిరిసేలా నింపితే లోపలి గాలి తేమతో బరువెక్కి అన్నీ కలిసి ఆలస్యమవుతాయి. తక్కువ వేడికి యంత్రం సామర్థ్యంలో మూడింట రెండు వంతులు నింపితే మంచిది.

5. మొదటి దశ. యంత్రాన్ని ముందే 60–63 డిగ్రీలకు వేడెక్కించి ఉంచి, అప్పుడు ట్రేలు పెట్టండి. తడి ఎక్కువున్న పండ్లు, కూరగాయలకు గంట నుంచి రెండు గంటలు. ఆకులకు ఈ దశ అక్కర్లేదు. మీరు గీతను కచ్చితంగా పాటించేవారైతే, ఉన్నవాటిలో మందపాటి ముక్కలోకి థర్మామీటర్ మొన గుచ్చి ఉంచండి. లోపల 42–43 చూపగానే దశ ముగిసింది. అంకె అలా ఎక్కడం మొదలైందంటే పైతడి ఆరిపోయి, చల్లబరిచే ఆవిరి తగ్గుతోందని అర్థం. ఆ తర్వాత కూడా అదే వేడిలో వదిలేస్తే ఇంకో ఇబ్బంది: పండు పైన గట్టి పొర కట్టి లోపలి నీటిని బంధిస్తుంది. పైకి ఎండినట్టు, లోపల తడిగా ఉండే ముక్కలు అలా తయారయ్యేవే.

6. రెండో దశ. వేడిని 46కు దించండి. ఇక్కడి నుంచి చివరి దాకా అదే. 3–4 మిల్లీమీటర్ల ఆపిల్ ముక్కలకు సుమారు 8–12 గంటలు, టమాటాకు ఇంకొంచెం ఎక్కువ, ఆకుకూరలకు 3–6 గంటలు, సువాసన ఆకులను 35–40 డిగ్రీల్లో ఉంచితే 2–4 గంటలు పడుతుంది. ఈ అంకెలు దారి చూపడానికే. మీ గది తేమ, ముక్కల మందం వాటిని ఇట్టే మార్చేస్తాయి. ట్రేలు పెట్టిన 4 గంటలకు ఒకసారి తాకి చూడండి. అప్పటికీ ముక్క పైన తడి మెరుస్తూ ఉంటే వేగం చాలడం లేదు. సగం ట్రేలు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా వేడిని 55 దాటించి పచ్చిదనం మీద ఆశ వదులుకోండి. నేనైతే రెండోదే చేస్తాను.

7. తూకం. ఆరిందా లేదా అన్నది వేళ్లకన్నా తూకం బాగా చెబుతుంది. ఆపిల్‌లో సుమారు 85 శాతం నీరు ఉంటుంది. అంటే కిలో ముక్కల్లో 850 గ్రాములు నీరు, 150 గ్రాములు అసలు పదార్థం. ఎండిన పండులో 20 శాతం తేమ మిగిలితే చాలనుకుంటే, ఆ 150 గ్రాములు మొత్తంలో 80 శాతం కావాలి. 150ని 0.8తో భాగిస్తే సుమారు 188. కిలో ముక్కలు 188 గ్రాములకు వచ్చినప్పుడు పని అయినట్టు. టమాటాలో 94 శాతం నీరు. కూరగాయలకు లక్ష్యం 10 శాతం తేమ. 60ని 0.9తో భాగిస్తే 67 గ్రాములు. కిలో టమాటా గుప్పెడైపోతుందన్న మాట. ట్రేలో పెట్టే ముందు బరువు రాసుకోండి, లక్ష్యం పక్కనే రాసుకోండి, ఆ తర్వాత గడియారంతో పని లేదు. కాయను బట్టి నీటి శాతం కాస్త మారుతుంది కనుక, లక్ష్యానికి చేరువయ్యాక ఒక ముక్కను చల్లార్చి చూడండి. వేడిగా ఉన్నప్పుడు ముక్క నిజంకన్నా మెత్తగా అనిపిస్తుంది. పండు ముక్కను చింపి నొక్కితే తడి బొట్టు రాకూడదు, మడిస్తే అతుక్కోకూడదు. కూరగాయ ముక్క వంగకుండా విరగాలి.

8. సర్దుబాటు. ఒకే ట్రేలోని ముక్కల్లో కూడా తేమ హెచ్చుతగ్గులుగా ఉంటుంది. ఎండిన పండ్లను పూర్తిగా చల్లార్చి, గాజు సీసాల్లో మూడింట రెండు వంతులే నింపి, మూత బిగించి, వారం నుంచి పది రోజులు రోజూ ఒకసారి ఊపండి. ఎక్కువ తేమ ఉన్న ముక్కల నుంచి తక్కువ ఉన్నవాటికి తేమ పంచుకుపోతుంది. ఈలోగా గాజు లోపలివైపు మసక కనిపిస్తే వెంటనే యంత్రంలోకి తిప్పి పంపండి. బూజు కనిపిస్తే సీసాలో ఉన్నదంతా పారేయాలి. పై ముక్కలు ఏరి కిందివి దాచుకోవడం కుదరదు. పెళుసుగా విరిగే కూరగాయలకు ఈ మెట్టు అక్కర్లేదు.

అవిసె బిస్కెట్లు, నానబెట్టిన గింజలు

పచ్చి వంటల్లో అందరూ ఇష్టపడేవి, అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేవి ఇవే. ఒక కప్పు అవిసె గింజల్లో కప్పు నుంచి కప్పున్నర నీళ్లు పోస్తే కాసేపటికి జిగురుగా తయారవుతుంది. ఆ జిగురు నీటిని గట్టిగా పట్టుకుంటుంది కనుక ఆరడం నిదానం. పైగా పిండిని నాన్‌స్టిక్ షీట్ మీద పరుస్తారు, అడుగు నుంచి గాలి తగలదు. దానికి తోడు తరిగిన టమాటా, ఉల్లి, వెల్లుల్లి కలిపితే సూక్ష్మజీవులకు విందే. ఇలా చేయండి: గింజలను ఫ్రిజ్‌లో నానబెట్టండి. 3 మిల్లీమీటర్ల మందం మించకుండా పరచి, కత్తితో గళ్లు గీయండి. 60 డిగ్రీల్లో గంటన్నర, ఆ తర్వాత 46. పై పొర చేతికి అంటుకోనంత ఆరగానే, అంటే సుమారు 4 గంటలకు, ఇంకో జాలీ ట్రేను దాని మీద బోర్లించి, రెండిటినీ కలిపి తిరగేసి, షీట్‌ను మెల్లగా ఒలిచేయండి. షీట్ తీసిన క్షణం నుంచి ఆరే వేగం కంటికి కనిపించేలా మారుతుంది. మొత్తం 10–16 గంటలు. మధ్యలో విరిస్తే టప్పున విరగాలి; రబ్బరులా సాగితే ఇంకా కాలేదు.

బాదం, పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలను నానబెట్టి ఆరబెట్టేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు నిద్రపోతున్న సూక్ష్మజీవులను నానబెట్టడం లేపుతుంది. గది వేడిలో రాత్రంతా నానబెట్టి, ఇంకో 24 గంటలు తక్కువ వేడిలో పెడితే వాటికి ఒకటిన్నర రోజు గడువిచ్చినట్టు. ఫ్రిజ్‌లో 8–12 గంటలు నానబెట్టి, రెండుసార్లు కడిగి, ఒకే పొరగా పరచి, మొదటి గంట 60లో ఉంచండి. గింజలు తడిగా నిలిచిపోతే బూజు వచ్చే అవకాశం ఉంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది తర్వాత వండినా పూర్తిగా పోదు. చేదెక్కిన, ముడుచుకుపోయిన, రంగు మారిన గింజలను ముందే ఏరేయాలి.

మొలకల సంగతి ఇంకా తీవ్రం. విత్తనపు పగుళ్లలో దాగిన బ్యాక్టీరియాను కడిగి పోగొట్టలేము. మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం, తేమ దానికీ కావలసినవే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ-కోలై అనే బ్యాక్టీరియా దాదాపు 4 వేల మందిని మంచాన పడేసింది, 50 మందికి పైగా చనిపోయారు. మొలకెత్తిన ధాన్యంతో పచ్చి రొట్టెలు చేసి 46లో ఆరబెట్టడం ఆ ప్రమాదాన్ని ఏమాత్రం తగ్గించదు. నా సలహా సూటిగా చెబుతాను: మొలకలతో చేసినవి ఓవెన్‌లో బాగా కాల్చుకోండి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకల జోలికే పోకూడదు. తక్కువ వేడిలో ఆరిన మిగతా పదార్థాల విషయంలో కూడా వారికి పుల్లని పండ్లే క్షేమం.

గాలిలో తేమ ఎక్కువైతే

గాలిని వేడి చేస్తే అందులోని నీరు తగ్గదు. ఇంకా నీటిని మోయగల శక్తి పెరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిని 46కు వేడి చేస్తే సాపేక్ష తేమ సుమారు 22 శాతానికి పడిపోతుంది. అదే వాన రోజున 90 శాతం తేమ ఉన్న గాలైతే 46 దగ్గర సుమారు 34 శాతం. దాన్ని 20 శాతానికి తేవాలంటే 57 డిగ్రీలకు వేడి చేయాలి. పొడి రోజున 10 గంటల్లో అయిన పని ముసురు రోజున 16 గంటలు పట్టడంలో వింత లేదు. అలాంటి రోజున ముక్కలు ఇంకా పలచగా కోయండి, ట్రేలు తగ్గించండి, యంత్రాన్ని తేమ తొలగించే పరికరం ఉన్న గదిలో పెట్టండి. వంట జరుగుతున్న గదిలో మాత్రం పెట్టవద్దు. ఇవేవీ కుదరకపోతే ఆ రోజుకు ఆకులు మాత్రం ఆరబెట్టుకోండి.

నిల్వ, మళ్లీ నానబెట్టడం

చల్లగా, చీకటిగా, గాలి చొరకుండా ఉంచాలి. బాగా ఎండిన పండ్లు 16 డిగ్రీల దగ్గర సుమారు ఏడాది, 27 దగ్గర ఆరు నెలలు నిలుస్తాయి. కూరగాయలకు అందులో సగం. పచ్చిగా ఆరబెట్టినవాటికి అంతకన్నా తగ్గించుకోండి. అవిసె, బాదం లాంటి నూనె గింజలు త్వరగా ముక్కిపోయి చెడు వాసన వేస్తాయి కనుక ఫ్రిజ్‌లోనే ఉంచాలి. పెద్ద సీసా ఒకటి కాకుండా చిన్నవి నాలుగు వాడితే, తెరిచిన ప్రతిసారీ మొత్తానికి తేమ తగలదు. ఫ్రీజర్‌లో −18 డిగ్రీల్లో 48 గంటలు ఉంచితే పురుగుల గుడ్లు చస్తాయి, బ్యాక్టీరియా మాత్రం చావదు.

ఆక్సిజన్‌ను పీల్చే పొట్లాలు పెళుసుగా ఎండిన కూరగాయలకే వాడండి, 10 శాతం కన్నా తక్కువ తేమ ఉన్నవాటికి మాత్రమే. మెత్తని ఎండు పండ్ల సీసాలో ఆక్సిజన్ తీసేస్తే, గాలి అక్కర్లేని, ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే క్లాస్ట్రిడియం బొట్యులినమ్ బ్యాక్టీరియాకు అనువైన చోటు తయారు కావచ్చు. ఎండిన టమాటా, వెల్లుల్లి నూనెలో వేసి అలమారలో దాచుకోవడంలో ఉన్న ప్రమాదం కూడా ఇదే. నూనెలో వేస్తే ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో తినేయాలి.

ఎండిన ముక్కలను మళ్లీ నానబెట్టగానే అది తాజా ఆహారంతో సమానం. నిద్రపోతున్నవన్నీ లేస్తాయి. గంటలోపు నానేవైతే బయట ఉంచవచ్చు. అంతకు మించి పట్టేవాటిని ఫ్రిజ్‌లో నానబెట్టి, ఆ రోజే తినండి. మిగిలిన తడి ముక్కలను మళ్లీ యంత్రంలో పెట్టి ఎండబెట్టే ప్రయత్నం చేయకండి.